కోడి కంటికి దెబ్బ తగిలినప్పుడు



ఆవు కంటిలో ముల్లు గ్రుచ్చుకొన్నదంటే ఇంటిల్లిపాదీ దాని చుట్టూ చేరుతారు. కాడి ఎద్దు కంట నీరు కారుతూ ఉంటే ఆనాటి దుక్కి నిలిపి పశువైద్యశాలకు తోలుకొనిపోతారు. కోడి దగ్గరకు వచ్చేసరికి మన తీర్పు వేరు. "కన్ను పోయిన కోడి ఇంకెందుకు, ఈ పూటకు కూర చేసేద్దాం" అని కొందరు, "దానంతట అదే మానుతుందిలే" అని కొందరు అంటారు. ఈ రెండు తీర్పులకూ నడుమ చేయదగిన పని చాలా ఉన్నది. అందుకు కావలసినది చెంచాడు ఉప్పు, కాస్త దూది, నాలుగు రోజుల ఓపిక.

పుంగనూరు పొట్టి ఆవుకు దేశమంతటా పేరున్నది. అదే ఊరి పెరటి కోడికి ఆ పేరు లేదు. అయితే మదనపల్లె మొదలుకొని కుప్పం దాకా ఏ పల్లెకు పోయినా ఆవు లేని ఇల్లు కనబడుతుంది గాని, నాలుగు కోళ్ళైనా తిరగని వీధి కనబడదు. 2019 పశుగణన ప్రకారము మన దేశములో కోళ్ళు మొదలగు పెంపుడు పక్షులు 85 కోట్లు. అందులో పెరటి పక్షులే 31 కోట్ల 70 లక్షలు. ఆ పెరటి కోళ్ళ ఆదాయము ఇంటి యజమాని లెక్కల పుస్తకములో ఉండదు, ఇల్లాలి కొంగుముడిలో ఉంటుంది. నాటుపెట్ట ఏడాదికి 50, 60 గుడ్లకు మించి పెట్టకపోవచ్చు. కాని పదో పన్నెండో గుడ్లను 21 రోజులు పొదిగి, పిల్లలను లేపి, గద్దనుండీ కాకినుండీ కాపాడేది అదే. పిల్లల తల్లికి ఒక ప్రక్క చూపు లేకపోతే ఆ ప్రక్కనుండి వాలిన గద్ద దానికి కనబడదు. కన్నుతోపాటు ఆ విడత పిల్లలన్నీ పోయే ప్రమాదమున్నది.

ఇక అసలు విషయానికి వస్తాను. కంటి దెబ్బతోనే చచ్చే కోళ్ళు తక్కువ. దెబ్బ తగిలిన కోడి మేత కనబడక ఆకలితో పోతుంది, దాహముతో పోతుంది, తోటి కోళ్ళు ఆ నెత్తురు చూచి పొడవగా పోతుంది. ఇవి కాక, మేలు చేయబోయి మనము కంటిలో వేసే మందులతో కన్ను పోతుంది. ఈ నాలుగింటినీ ఆపడము మన చేతిలోని పని. లోతైన గాయమునకు మందు చెప్పవలసినవారు పశువైద్యులు. నేను వ్యవసాయ విస్తరణ పని చేసేవాణ్ణి గనుక, డాక్టరు దగ్గరకు పోయేలోగా ఇంటిలో ఏమి చేయవచ్చునో, ఏమి చేయకూడదో, ఎప్పుడు తప్పక పోవలెనో, ఆ మేరకే చెబుతాను.

ముందు కోడి కన్ను ఎట్లుంటుందో తెలిసికొందాము. మనకు రెండు రెప్పలు, కోడికి మూడు. మనము కన్ను మూస్తే పైరెప్ప క్రిందికి దిగుతుంది. కోడి నిద్రపోయేటప్పుడు క్రింది రెప్పే పైకి లేస్తుంది. మూడవది పలుచని తెల్లటి పొర. ముక్కు వైపు మూలనుండి బయలుదేరి, కంటిమీదుగా అడ్డముగా జారి, రెప్పపాటులో వెనుకకు పోతుంది. కన్ను తుడిచే గుడ్డ అనుకోండి. ఇది తెలియక, దెబ్బ తగిలిన కోడిని పట్టుకొని చూచి, "కంటికి పొర కమ్మింది" అని గోటితో గీకబోయేవారు ఉన్నారు. ఆ పొర కదులుతూ పోయి వస్తూ ఉంటే అది దేవుడిచ్చిన రెప్ప. దాని జోలికి పోకూడదు. కదలక ఉబ్బి నిలిచిపోతేనే ఏదో చెడు జరిగినదని అర్థము.

ఇంకొకటి. కోడి కళ్ళు తలకు రెండు ప్రక్కల ఉన్నవి. కనుగుడ్డును మనవలె అటూ ఇటూ ఎక్కువగా త్రిప్పలేదు. అందుకే తలను ఊరకే త్రిప్పుతూ ఉంటుంది. ఒక కన్ను మూసుకొన్నదంటే ఆ ప్రక్క లోకమంతా దానికి చీకటి. గింజకు గురిపెట్టి పొడిస్తే ముక్కు ప్రక్కన పడుతుంది. చూచేవారికి మేత తింటున్నట్లే కనబడుతుంది, కడుపులోకి మాత్రము పోదు.

మన ప్రాంతములో ఈ దెబ్బలు ఎక్కడ తగులుతాయి? దొడ్డి చుట్టూ వేసే తుమ్మకంప మొదటిది. కుక్కకు బెదిరి కోడి కంపలో దూరుతుంది. పుంజుల కొట్లాట రెండవది. ఒక గంపక్రింద రెండు పుంజులను మూస్తే తెల్లవారేసరికి ఒకదాని కన్ను వాచి ఉంటుంది. (పందెపు కోళ్ళ సంగతి నేను చెప్పబోవడము లేదు. 1960 జంతు హింస నిరోధక చట్టము జంతువులను పోరాటమునకు రెచ్చగొట్టుట నేరమన్నది.) మదనపల్లె వైపు టమాటా తోటలలో కట్టెలకు చుట్టిన తీగ కొసలు కోడి కంటి ఎత్తులోనే ఉంటాయి. రాగులు, చెనక్కాయలు నూర్చే రోజులలో కళ్ళములో దుమ్ము, పొట్టు లేచి కంటిలో పడి మూడవ రెప్ప క్రింద ఇరుక్కొంటాయి.

పట్టుపురుగులు పెంచే ఇండ్లలో మరొక ప్రమాదమున్నది. దీనిని గురించి కాస్త నిలిచి చెప్పవలెను. పురుగుల ఇంటిని శుద్ధి చేయడానికి బ్లీచింగు పొడి, సున్నము కలిపిన నీళ్ళు కొడతారు. పురుగులు కుబుసము విడిచే వేళ పడకలమీద పొడి సున్నము చల్లుతారు. ఆ పడకలను ఎత్తి దిబ్బలో పారవేసినప్పుడు, అందులోని పురుగులకు ఆశపడి కోళ్ళు గుంపుగా చేరి కాళ్ళతో చెరుగుతాయి. అప్పుడు లేచిన సున్నపు పొడి కంటిలో పడితే, అది ముల్లు గ్రుచ్చుకొన్నదానికంటె చెడ్డది. ముల్లు గ్రుచ్చుకొన్న చోటనే గాయము చేస్తుంది. సున్నము తడి తగిలిన కొద్దీ లోలోపలికి కాలుస్తూ పోతుంది. ఇక్కడ నీళ్ళు కాచి చల్లార్చేదాకా ఆగకూడదు. దగ్గర ఏ మంచినీళ్ళు ఉంటే ఆ నీళ్ళతో వెంటనే, పావుగంట సేపు, ఆపకుండా ధారగా కడగవలెను. రెప్పల సందున తెల్లటి పలుకు కనబడితే తడి గుడ్డ కొసతో తీయవలెను. ఆ తరువాతనే డాక్టరు. టమాటాకు కొట్టే పురుగుమందు కంటిలో పడినా ఇదే పద్ధతి. పట్టు పడకల చెత్తను కోళ్ళకు అందని చోట గుంతలో వేసి మట్టి కప్పితే ఈ బాధే ఉండదు.

సున్నమూ, మందూ కాక మామూలు దెబ్బ అయినప్పుడు తొందరపడి కోడి వెంట పరుగెత్తకండి. తరిమితే మళ్ళీ కంపలోనే దూరుతుంది. ప్రొద్దుగూకి గూటికి చేరిన తరువాత మెల్లగా పట్టుకోవచ్చు. నెత్తురు కారుతూ ఉంటే మాత్రము వెంటనే గంప బోర్లించి పట్టండి. పాత పంచె ముక్కతో రెక్కలు కదలకుండ చుట్టి, ఒకరు ఒడిలో పెట్టుకొనవలెను, ఇంకొకరు దీపము పట్టి చూడవలెను. చుట్టేటప్పుడు రొమ్మును బిగించకండి. కోడికి మనకున్నట్లు పొట్టకూ రొమ్ముకూ నడుమ ఊపిరి ఆడించే తెర లేదు; రొమ్ము ఎముక లేచి దిగితేనే దానికి ఊపిరి. గట్టిగా నొక్కిపట్టితే చేతిలోనే చచ్చిపోతుంది.

కడిగే నీళ్ళు ఇట్లు చేసుకోండి. లీటరు నీళ్ళు తెర్లించి, అందులో 9 గ్రాముల ఉప్పు, అనగా టీచెంచాతో తలకొట్టి ఒకటిన్నర చెంచా వేయండి. కల్లుప్పు అయితే మురికి ఉంటుంది గనుక కరగిన తరువాత శుభ్రమైన గుడ్డతో వడకట్టండి. గోరువెచ్చగా దిగేదాకా ఉంచండి. ఇంత ఉప్పు ఉన్న నీరు కంటికి మంట పుట్టించదు. ఉప్పు ఎక్కువైతే మంట, బొత్తిగా లేకపోయినా మంటే. సూది తీసివేసిన సిరంజితోగాని, నీటిలో ముంచిన దూదిని పిండిగాని, ముక్కు వైపు మూలనుండి బయటి వైపుకు ధార పోయండి. నీళ్ళు ముక్కురంధ్రములలోకి, రెండవ కంటిలోకి పోకుండ తలను వంచి పట్టుకోవలెను. ఒకసారి తుడిచిన దూదిని మరల వాడకూడదు. చలికాలములో మన మదనపల్లె సీమ, సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్నది గనుక, రాత్రులు వణికిస్తుంది. మెడ ఈకలు తడిస్తే తుడిచి ఆరబెట్టి గాని గంపలో పెట్టకండి.

కడిగినప్పుడు పొట్టో దుమ్మో తేలి వస్తే సంతోషము. ముల్లు కనుగుడ్డులోనే దిగి ఉంటే మాత్రము లాగకండి. అది బిరడావలె లోపలి నీటిని ఆపి ఉండవచ్చు. లాగితే ఆ నీరు కారిపోయి కన్ను కుంగిపోతుంది. అట్లే ఉంచి డాక్టరు దగ్గరకు తీసికొనిపోండి.

రెండు మూడు రోజులైన దెబ్బ అయితే రెప్పల సందున పసుపుపచ్చగా, గడ్డ జున్నువలె ఒక ముద్ద కనబడవచ్చు. అది చీము. ఆవులో మేకలో చీము నీరుగా కారుతుంది. పక్షుల తెల్లకణములలో చీమును కరగించే పదార్థము లేనందున కోడి చీము గట్టిపడి అక్కడనే కూర్చుంటుంది. ఎన్నాళ్ళు చూచినా అది కారిపోదు. గోటితో పెకలించరాదు. ఉప్పునీటి దూదిని అయిదారు నిమిషములు కంటిమీద అద్ది ఉంచి, మెత్తబడిన తరువాత ధారతో కడిగితే కొంచెము కొంచెముగా వస్తుంది. పూటకు ఒకమారుగా, రెండు రోజులు పట్టినా ఫరవాలేదు. ముద్ద పెద్దదై రెప్పను తెరవనీయకపోతే డాక్టరే తీయవలెను.

ఇప్పుడు కంటిలో వేసే మందుల మాట. "సారూ, మా పెట్ట కంట్లో పువ్వేసింది. ఉప్పు నమిలి ఊస్తే పోతాదంట, నిజమేనా?" అని అడిగే అమ్మలున్నారు. లేదమ్మా, పోదు. కంటి నల్లగుడ్డు పైనుండే అద్దము వంటి పొరకు గాయమైతే మానిన చోట తెల్లటి మచ్చ మిగులుతుంది. దానినే పువ్వు అంటారు. అది మచ్చే గాని పైన అంటుకొన్న మురికి కాదు. రోజులు గడిచేకొద్దీ కొంత పలుచబడవచ్చును. ఊసినందువలన నోటిలోని క్రిములు పచ్చిగాయములో పడుతాయి. పొగాకు రసము, సున్నపు తేట, కిరసనాయిలు, ముక్కుపొడి, ఇవన్నీ కూడా కన్ను తీసేవే. చనుబాలు, పసుపు వీటంత చెడ్డవి కాకపోయినా పాలు పులిసి, పొడి పలుకై, బాధ పెంచుతాయి. కంటిలోకి పోదగినది ఆ ఉప్పునీరు, డాక్టరు చెప్పిన మందు. ఇంకేమీ పోకూడదు.

ఇంటిలో ఎవరికో కళ్ళకలకకు వాడగా మిగిలిన మందు ఉంటుంది. దానిని కోడికి వేస్తే ఏమని అడుగుతారు. రెండు కారణములచేత వద్దంటాను. కొన్ని చుక్కల మందులలో డెక్సామెథసోను, బీటామెథసోను, ప్రెడ్నిసొలోను వంటి స్టీరాయిడ్లు కలిసి ఉంటాయి. అవి ఎరుపును, వాపును అణచివేస్తాయి గాని, పైపొర చిట్లిన కంటిలో గాయమును మాననీయవు. పైకి తగ్గినట్లు కనబడుతూనే లోపల చిల్లి పడుతుంది. రెండవది, క్లోరాంఫెనికాల్ అనే మందు. మనుష్యుల కంటికి వేసే చిన్న గొట్టములలో ఇదే ఎక్కువగా ఉంటుంది. మనిషి తిండికై పెంచే పశుపక్ష్యాదులకు దీనిని వాడరాదని మన దేశములో నిషేధమున్నది. గుడ్డులో మిగిలే కొంచెము మందు కూడా తినేవారికి ముప్పే. డాక్టరు వేరే యాంటిబయాటిక్ వ్రాసి ఇస్తారు. ఇచ్చినప్పుడు, "ఎన్ని రోజులు ఈ గుడ్లు తినకూడదు?" అని తప్పక అడగండి. నొప్పికి మన మాత్రలు నూరి పోయడము కూడా వద్దు. మనకు హాయి నిచ్చే మందు పక్షికి విషము కావచ్చును. డైక్లోఫెనాక్ వాడిన పశువుల కళేబరములు తిని రాబందులు నాశనమైనందున 2006లో ఆ మందును పశువులకు వాడకుండ నిషేధించినారు.

మందు వేసే పద్ధతి తేలికే. క్రింది రెప్పను వ్రేలితో కొంచెము క్రిందికి లాగి ఒక చుక్క వేయండి. లేపనమైతే బియ్యపు గింజంత చాలు. గొట్టము కొస కంటికి తగలకూడదు. కోడి రెండు మూడుసార్లు రెప్ప వేసేదాకా పట్టుకొని తరువాత వదలండి. డాక్టరు రోజుకు నాలుగుసార్లు అంటే నాలుగుసార్లు వేయవలెను. తెరిచినది కదా అని రెండవ రోజే మానకూడదు. పైపొరమీద చిన్న గీత అయితే సాధారణముగా కొద్ది రోజులలోనే మానుతుంది. ఆ గీత ఉన్నదీ లేనిదీ తెలిసికొనడానికి డాక్టరు ఒక నారింజరంగు కాగితపు ముక్కను తడిపి కంటికి తాకిస్తారు. పొర చిట్లిన చోట రంగు పట్టి, నీలి వెలుతురులో పచ్చగా మెరుస్తుంది.

ఇంతకంటె ముఖ్యమైనది కోడిని ఎక్కడ ఉంచడము, ఎట్లు మేపడము. నేను చూచినంతలో మందు వేసినవారు కూడా ఇక్కడ అశ్రద్ధ చేస్తారు. దెబ్బ తగిలిన కోడిని ఆ క్షణమే మందనుండి వేరు చేయండి. ఎరుపు కనబడితే పొడవడము కోడి స్వభావము. దానిలో పగ లేదు, జాలీ లేదు. నీడపట్టున, మసక వెలుతురులో, పొడి నేలమీద గంపక్రింద ఉంచండి. తక్కిన కోళ్ళకు చాటుగా మరీ దూరము పెట్టకండి. వాటి అరుపు వినబడుతూ ఉంటే మళ్ళీ కలిసేటప్పుడు కొట్లాట తగ్గుతుంది. క్రింద చెనక్కాయ పొట్టు పరచడము మన వాడుక. పొట్టు ఎండి ఉండవలెను. తేమ తగిలి బూజు పట్టిన పొట్టు కంటికీ ఊపిరితిత్తులకూ హాని.

నీళ్ళ చిప్ప, మేత చిప్ప మంచి కన్ను ఉన్న ప్రక్కనే పెట్టండి. ఒకసారి పెట్టిన చోటు మార్చకండి. గింజలు చల్లితే వాటిని వెదకలేదు. వెడల్పు మూకుడులో కొంచెము లోతుగా పోస్తే ముక్కు ఎటు పడినా గింజ దొరుకుతుంది. మిగిలిన రాగి సంగటిని నీళ్ళతో పలుచన చేసి, తవుడు కలిపి, సన్నగా తరిగిన మునగాకు వేసి పెడితే చాలా ఇష్టముగా తింటుంది. రెండు కళ్ళూ మూసుకొన్న కోడి అయితే ముక్కు కొసను నీటికి తాకించండి, తానే త్రాగుతుంది. గొంతులో బలవంతముగా పోయకండి, ఊపిరిగొట్టములోకి పోతుంది. తిన్నదీ లేనిదీ ఎట్లు తెలుస్తుంది? ప్రొద్దుగూకిన తరువాత మెడ క్రింద, రొమ్ముకు పైన ఉండే మేతసంచిని తడిమి చూడండి. నిమ్మకాయంతగా నిండుగా ఉంటే తిన్నది. చదునుగా ఉంటే ఆనాడు పస్తున్నది. కంటిని రోజుకు నాలుగుసార్లు చూచి, మేతసంచిని ఒక్కసారైనా చూడనివారు కోడిని పోగొట్టుకొంటారు.

ఇంతవరకు చెప్పినదంతా దెబ్బను గురించి. అన్ని కంటి బాధలూ దెబ్బలు కావు. సామాన్యముగా ఒక కోడికి, ఒకే కంటికి, ఉన్నట్టుండి వస్తే దెబ్బ అనుకోవచ్చు. రెండు కళ్ళకూ వచ్చినా, రెండు మూడు కోళ్ళకు వచ్చినా జబ్బు అనుమానించండి. ఒక కంటితో మొదలయ్యే జబ్బులు కూడ ఉన్నవి గనుక తోటి కోళ్ళను చూచి గాని తేల్చుకోకండి.

కోళ్ళ మశూచిలో జుట్టుమీద, చెంపలమీద, రెప్పలమీద పొక్కులు లేచి పెచ్చులు కడతాయి. రెప్పలు అతుక్కొని కన్ను మూసుకొంటుంది. దోమలు దీనిని వ్యాపింపజేస్తాయి. పెచ్చులు పెరికితే నెత్తురు కారి, ఆ పెచ్చులతోనే జబ్బు ఇతర కోళ్ళకు పోతుంది. ఉప్పునీటితో మెత్తబరచి కన్ను తెరిపించి, మేత అందిస్తే మూడు నాలుగు వారములలో చాలా కోళ్ళు తేరుకొంటాయి. ముఖము ఒక ప్రక్క ఉబ్బి, ముక్కునుండి దుర్వాసనతో చీమిడి కారితే అది వేరే అంటుజలుబు. దానికి మందులున్నవి, డాక్టరు ఇవ్వవలెను. కొట్టములో మూసి ఉంచి బియ్యపునూకలో రాగులో తప్ప పచ్చిమేత ఎరుగని కోళ్ళకు, ఏ విటమిను చాలక రెండు కళ్ళలోనూ తెల్లటి గడ్డలు కడతాయి. మునగాకు, తోటకూర, పచ్చజొన్న, బొప్పాయి పెట్టినవారి ఇంట ఇది రాదు. చలికి గూటిని గోనెపట్టలతో గాలి చొరకుండ మూసేవారు ఒక తెల్లవారుజామున ఆ గూటిలో తల పెట్టి చూడండి. మీ కళ్ళు మండితే కోళ్ళ కళ్ళూ మండుతున్నట్లే. తడిసిన రెట్టనుండి లేచే అమ్మోనియా అది. తడి ఎత్తివేసి, పై భాగమున గాలి సందు వదలితే చాలు, మందు అక్కరలేదు.

కొక్కెర తెగులు మాట వేరే చెప్పనక్కరలేదు. పచ్చని పారుడు, ఆయాసము, మెడ మెలిక, వరుస చావులు. దానికి మందు లేదు, టీకా ఉన్నది. పిల్లలకు 5 నుండి 7 రోజుల వయస్సులో వేసే టీకా చుక్క కంటిలోనో ముక్కులోనో వేస్తారు. వేసిన తరువాత ఒకటి రెండు రోజులు కన్ను తడిగా ఉంటే భయపడకండి. 6 నుండి 8 వారములలో రెక్కకు సూది టీకా, సుమారు ఆ వయస్సులోనే మశూచి టీకా. ఈ తెగులు క్రిమి మనిషి కంటికి కూడా కలక తేగలదు. కాబట్టి జబ్బు కోడిని పట్టిన చేతితో కన్ను నులుముకోకండి. సబ్బుతో కడుగుకొన్న తరువాతనే మరొక పని. కుప్పం వైపువారు ఇంకొక జాగ్రత్త తీసికొనవలెను. ఒక ప్రక్క కన్నడ సీమ, ఒక ప్రక్క తమిళ సీమ. సంతనుండి తెచ్చిన కోడి ఎక్కడి గాలి పీల్చి వచ్చినదో చెప్పలేము. రెండు వారములు వేరుగా ఉంచి గాని మందలో కలపకండి.

తల, కంటి చుట్టూ వాచి, జుట్టు నల్లబడి, ఒకటి రెండు రోజులలోనే కోళ్ళు గుంపుగా రాలితే కన్ను కడుగుతూ కూర్చోకండి. చచ్చిన వాటిని తాకకండి, కోయకండి, వాగులో వేయకండి, వెంటనే తెలియజేయండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది.

దెబ్బ విషయములో డాక్టరు దగ్గరకు తప్పక పోవలసిన సమయములు ఇవి: కనుగుడ్డు చిట్లి నల్లటిది బయటికి పొడుచుకొని వచ్చినా, గుడ్డు లోపల నెత్తురు నిలిచినా, కన్ను కుంగినా, సున్నమో మందో పడినా, ఇంటి చికిత్స మొదలుపెట్టిన రెండవ రోజుకు కూడా కోడి కన్ను తెరవకపోయినా. ఊరి రైతు సేవా కేంద్రములోని పశుసంవర్ధక సహాయకునికి చెప్పవచ్చు, 1962 నంబరుకు ఫోను చేయవచ్చు. తీసికొనిపోయేటప్పుడు మూత గల బుట్టలో పెట్టి తీసికొనిపోండి. కాళ్ళు కట్టి బండికి తలక్రిందులుగా వ్రేలాడగట్టితే నెత్తురంతా తలకు దిగి, చిట్లిన కన్ను దారిలోనే పోతుంది.

కన్ను తీసివేయవలసిందే అని డాక్టరు చెప్పినా కోడి పనికిమాలినదై పోదు. ఇంకొక కంటితో మేత వెదకుకొంటుంది. కళ్ళు లేని కోడి గుడ్డు పెట్టదు అనుకోవడము కూడా సరికాదు. పగటి వెలుతురు కంటిగుండానే కాక, పలుచని కపాలపు ఎముక గుండా కూడ కోడి మెదడుకు చేరుతుంది. గుడ్లు పెట్టే కాలమును మెదడు ఆ వెలుతురును బట్టి గ్రహిస్తుంది. కడుపు నిండా తింటే ఒంటికంటి పెట్ట గుడ్లు పెడుతుంది, పొదుగుతుంది.

గాయము మాని, ఎరుపు పూర్తిగా పోయిన తరువాతనే దానిని మందలో కలపండి. పట్టపగలు వదిలితే కొత్తకోడి వచ్చినట్లు అన్నీ మీదపడుతాయి. చీకటి పడ్డాక, తక్కినవి కునుకుతున్నప్పుడు గూటిలో వాటి నడుమ కూర్చోబెట్టండి. మరునాటి ఉదయము గూడు తెరిచేటప్పుడు దగ్గర ఉండండి; ఆ పూట మేత రెండు మూడు చోట్ల పెట్టండి. పిల్లలు లేపిన ఒంటికంటి పెట్టను మాత్రము మొదటి మూడు వారములు పిల్లలతో సహా పెద్ద గంపక్రిందనో, పైన వల కప్పిన దొడ్డిలోనో ఉంచండి. ఆ లోగా పిల్లలకు ఈకలు వస్తాయి, తల్లి చూడలేని ప్రక్కను అవే చూచుకొని పరుగెత్తి దాగుకొంటాయి.